జెండా ఉన్న రోజు

ఆదివారం పొద్దున్నే దుర్గ ఒడ్డున పాతిన ఎర్రజెండాను పీకి తన బడ్డీ కింద దాచేసింది.

అలవాటైన పనే. కెరటం పోటుగా ఉన్న రోజు, నీళ్ళలో దిగొద్దని పోలీసులు ఆ జెండా పాతి వెళతారు. అది కనిపిస్తే షికారుకొచ్చిన జనం బళ్ళు తిప్పుకుని పోతారు. జనం పోతే దుర్గ చేపల వేపుడు ఎవరు తింటారు? పూడిమడక పక్కనున్న ఆ చిన్న పల్లెలో సగం ఇళ్ళు ఆదివారం జనం మీదే బతుకుతున్నాయి.

"దాన్ని మళ్ళీ పాతెయ్యమ్మా."

దుర్గ తలెత్తింది. ఎవరో పెద్దావిడ. నేత చీర, చేతిలో గుడ్డసంచి. అప్పుడే ఆటో దిగినట్టుంది.

"మీకేటి నొప్పి?" అంది దుర్గ.

"కెరటాలు ఎలాగున్నాయో సూడు."

"నేను పుట్టినకాణ్ణించీ సూత్తన్నాను. మొన్న ఏసంగిలో ఎవడో కుర్రోడు మునిగిపోయేడు. రెండు నెల్లు ఇటేపు ఒక్కడూ రాలేదు. ఆడు పోతే పోయేడు, మా కడుపులు మాడ్సేసి పోయేడు."

అంటూనే దుర్గ కళ్ళు పక్కకి తిప్పుకుంది.

పెద్దావిడ పైట సర్దుకుంది.

"ఇప్పుడు జెండా పాతితే నా పిల్లలకి మీరు కూడెడతారేటి?"

"పెడతాను," అందామె.

పొద్దున్నే ఈవిడెక్కడ దొరికిందిరా బాబూ అనుకుంది దుర్గ.

"జెండా ఎగిరిన రోజు నీ దగ్గరున్న చేపంతా ఉప్పేసి ఎండబెట్టు. శనివారం శనివారం వచ్చి అదంతా నేను తీసుకుంటాను. జెండా పీకేత్తే మాత్రం ఒక్కటీ తీసుకోను."

ఆమె పేరు అప్పలకొండమ్మ. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక ఇల్లట. అంతకు మించి చెప్పలేదు.

శనివారం నిజంగానే వచ్చింది. ముందు, దుర్గ మళ్ళీ పాతిన జెండా వైపు చూసింది. ఆ తర్వాతే చేపల వైపు.

ఎండిన నెత్తళ్ళు నాలుగు అరచేతిలో నలిపి, "ఇసక!" అంది.

"మా అమ్మా, అమ్మమ్మా ఇసకలోనే ఎండేసేరు పెద్దమ్మా."

"ఆళ్ళు ఊళ్ళోవాళ్ళకి అమ్మేరు. ఇది అచ్యుతాపురం కంపెనీ కుర్రాళ్ళ హాస్టళ్ళకి. ఒరిస్సావాళ్ళూ బెంగాలీవాళ్ళూ ఎండుచేపంటే పడి సస్తారు. పంటికింద ఇసక తగిలితే మాత్రం వెనక్కి పంపేత్తారు."

ఆమే వెదురు తడికలు తెప్పించింది. నడుమెత్తున మంచె కట్టించి, కాకి వాలకుండా పాత వల కప్పించింది. మహా చాదస్తం. ఒక చేప మీద ఇంకో చేప పడినా ఊరుకునేది కాదు.

"కమీషను గట్టిగా మింగుతాది," అంది పక్క బడ్డీ లోవలక్ష్మి.

"లేకపోతే ఈ ఎండలో ఎందుకొత్తాది?" అంది దుర్గ.

రూపాయి కూడా పుచ్చుకోవడం లేదని హాస్టల్ వ్యాను డ్రైవరు చెప్పాక ఇద్దరూ నోరు మూసుకున్నారు.

శనివారం కోసం దుర్గ ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఆమె పిల్లలకి పాకం బెల్లం తెచ్చేది. చేపలు తిరగేస్తూనే పెద్దపిల్ల చేత ఎక్కాలు చెప్పించుకునేది. ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టే కూర్చునేది.

"మీరొచ్చేది నాకోసమా, జెండా కోసమా?" అని దుర్గ ఆటపట్టించేది.

"రెండూ ఒకటేనే," అని నవ్వేది.

ఏడాది తిరిగేసరికి లోవలక్ష్మితో కలిపి తొమ్మిది మంది తడికలు కట్టుకున్నారు. జనం వస్తే వేపుడు, రాకపోతే ఎండుచేప. జెండా పీకే అవసరం ఎవరికీ లేకపోయింది. గాలికి చినిగితే దుర్గే కొత్తది కుట్టింది.

ఉన్నట్టుండి అప్పలకొండమ్మ రావడం మానేసింది. మూడు శనివారాలు చూసింది దుర్గ. నాలుగో శనివారం మంచి ఎండు వంజరం పొట్లం కట్టుకుని అనకాపల్లి బస్సెక్కింది.

బెల్లం మార్కెట్ వెనక ఇల్లు కనుక్కుంది. ఆమె భర్త త్రినాధరావు తలుపు తీశాడు.

"పెద్దమ్మ లేదా బాబూ?"

"పోయి పాతిక రోజులైందమ్మా. గుండెపోటు."

దుర్గ గుమ్మంలోనే కూలబడింది. ఏడుపు ఆగలేదు. కాసేపటికి పొట్లం ముందుకు జరిపింది.

"ఆరికోసం తెచ్చేను."

"చేపలా? ఆవిడ తినడం మానేసి చాలా కాలమైంది." ఆయన ఆమెను పరీక్షగా చూశాడు. "నువ్వు దుర్గవి కదూ? లోపలికి రామ్మా."

గోడ మీద అప్పలకొండమ్మ ఫొటోకి కొత్త దండ. దాని పక్కనే ఇంకో ఫొటోకి పాత దండ. అందులో నీలం చొక్కా కుర్రాడు నవ్వుతున్నాడు. దుర్గ ఆ ముఖాన్ని పోల్చుకుంది. ఆ వేసవి ఆదివారం తన బడ్డీలో వేపుడు తిని, "నీళ్ళెలా ఉన్నాయక్కా?" అని అడిగి దిగినవాడు.

"మా ఒక్కగానొక్క బాబు," అన్నాడు త్రినాధరావు.

దుర్గ చేతులు జోడించింది.

"ఆవేళ జెండా పీకింది నేనే బాబూ."

"తెలుసమ్మా. అది నీ బడ్డీ కింద ఉందని వాడి స్నేహితులు అప్పుడే చెప్పేరు. కేసు పెడదామని నేను బయల్దేరితే మీ పెద్దమ్మే అడ్డం పడింది. 'దానికీ పిల్లలున్నారు, ముందు ఆళ్ళ కూడు సూద్దాం' అని సంచి పట్టుకుని మీ ఊరొచ్చింది."