పన్నెండు తీతువుల కాపలా

ఉడుత కుర్రాడు చారలయ్య దగ్గర మొదట్లో ఉన్నవి నలభై ఇప్పగింజలు. ఆ నలభై పెట్టుబడితోనే అడవి కాపలా మొత్తం గుత్తకు తీసుకుంటానని సభలో లేచి నిలబడ్డాడు.

"ఏరు పొంగితే అరవడానికి పన్నెండు తీతువులా? నిరుడంతా అరిచింది మూడుసార్లు! ఉమ్మడి గింజలు మాత్రం రోజూ తింటున్నాయి. సగం గింజలివ్వండి, మూడు కాకులతో నడిపిస్తాను."

"మా గుడ్లు ఇసుక మీదే ఉంటాయి నాయనా. నీళ్లు జానెడు పెరిగినా మాకు తెలిసిపోతుంది," అంది ముసలి తీతువు.

"అరవని రోజుల్లో ఏం చేస్తున్నారు పిన్నీ? ఊరికే కూర్చోవడమేగా!"

సభంతా గొల్లున నవ్వి, కాపలా గుత్తను చారలయ్యకే ఇచ్చేసింది. తీతువులు ఇసుకతిన్నె ఖాళీ చేసి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాయి.

ఆ రోజు నుంచి చారలయ్యకు కాలు నిలవలేదు. కొమ్మ నుంచి కొమ్మకు ఉరుకుతూ, కాకులకివ్వగా మిగిలిన గింజలను పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి లెక్కపెట్టుకున్నాడు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఏరు పొంగింది. కాకులు అరిచేసరికే కుందేళ్ల బొరియల్లోకి నీళ్లొచ్చేశాయి.

"ముందే ఎందుకు అరవలేదు?" అని చారలయ్య కాకుల మీద విరుచుకుపడ్డాడు.

"మా గూళ్లు చెట్టు చివర కదయ్యా, మాకేం తెలుస్తుంది?"

తల్లికుందేలు తడిసిన పిల్లల్ని ముందేసుకుని కూర్చుంది. ఐదింటిలో మూడే ఉన్నాయి.

"తక్కిన రెండింటినీ ఏ లెక్కలో రాస్తావు బాబూ?" అని మెల్లగా అడిగింది.

చారలయ్య ఏటివైపు తిరిగాడు. అవతలి ఒడ్డున పన్నెండు తీతువులు కనిపిస్తున్నాయి. నీళ్లింకా పెరుగుతూనే ఉన్నాయి. అతను గింజలన్నీ అక్కడే వదిలేసి, తీతువులను వెనక్కి పిలుచుకురావాలని కొట్టుకొస్తున్న దుంగ మీదికి దూకడానికి కాళ్లు కూడదీసుకున్నాడు.