ఊర్మిళ కురిపించిన వాన

ఏ వీధిలో ఎప్పుడు వాన కురవాలో నిర్ణయించే శాస్త్రవేత్త ఊర్మిళ. ఆదివారాలు చక్రాల కుర్చీలో ఊళ్ళు తిరిగి, "ఎవరి సాయమూ అడక్కండి" అని తోటి వికలాంగులకు ధైర్యం నూరిపోస్తుంది. ఈ ఆదివారం కాకినాడలో సభ పదకొండింటికి. సభ జరిగే వీధికి పదకొండింటికే వాన రాసిపెట్టింది కూడా తనే. కొత్త పెళ్ళి సంబరంలో ఆ సంగతే మరిచిపోయింది. జోరువానలో సభ హాలు గేటు దగ్గరే కుర్చీ బురదలో దిగబడింది.

కొత్త మొగుడు భార్గవ్ తొయ్యబోయాడు.

"ముట్టుకోకండి! కిటికీల్లోంచి అందరూ చూస్తున్నారు."

"పోనీ, మీ వానే కదా, ఆపేయండి మేడంగారూ!"

"ఆపితే ఈ వీధికి వారం దాకా నీళ్ళుండవు."

"అయితే ఇక్కడే కాపురం పెట్టేద్దామా?"

ఊర్మిళకు నవ్వాగలేదు. కిటికీల వైపు చెయ్యి ఊపి గొంతెత్తింది.

"ఈయనొక్కరి వల్ల కాదు, ఇంకో ఇద్దరు రండి! ఉపన్యాసం మార్చేశాను!"