నలభై రెండు కేజీలు

అనకాపల్లిలో పడవలమ్మే అబ్దుల్ సత్తార్‌కి అబద్దం ఆడ్డం రాదు. ఉన్నదాన్ని పెద్దది సేసి సెప్పడం ఒక్కటే వచ్చు.

"ఓపాలి నా గేలానికి కొర్రమీనొకటి పడింది. లాగితే రాదు. అదే నన్ను లాగింది! రిజర్వాయర్లో కూకున్నోణ్ణి కూకున్నట్టే, పడవతో సహా నర్సీపట్నం బస్టాండు దాకా ఈడ్సుకుపోయింది. కండట్రు టిక్కెట్టు కూడా అడగలేదు."

మెకానిక్కు కన్నబాబు రోజూ వినే కతే. అయినా రోజూ నవ్వుతాడు.

ఆ కొట్లోకి ఎవడొచ్చినా ఒక సేప కత సెప్పాల. సత్తార్ కతకంటే పెద్దదైతే టీ ఫ్రీ. ఇన్నేళ్లలో ఆ టీ తాగినోడు ఒక్కడూ లేడు.

ఆ మజ్జానం ఒకాయనొచ్చేడు. గొలుగొండ అవతల రైతు. పేరు నానాజీ. మోకాళ్ల దాకా బురద ఎండిపోయుంది.

"సిన్న పడవ కావాల. ఈయేలే కావాల."

"అరె, కూకో బావా. ఏటి తొందర?"

"రేపు పొద్దున్న రిజర్వాయరు గేట్లు ఎత్తుతారంట. ఎత్తేరంటే అది కాలవలో పడి పోద్ది. ఇంక నాకు దొరకదు."

సత్తార్ కళ్లు మెరిసేయి. "ఎప్పుడు సూసేవు దాన్ని?"

"నిన్న పొద్దున్న. గట్టు కాడ."

"మరి దిగి అట్టుకోలేకపోయేవా?"

"దిగేను. సేతికి అందినట్టే అంది జారిపోయింది."

"జారిపోద్ది మరి! నీకోసం ఆగుద్దా?"

నానాజీ పడవల కేసి నడిసేడు.

మూడున్నాయి. మొదటిది సన్నంగా, కోలగా ఉంది.

"ఎనకాల ఇంజను, దానికో హేండిలు. ఒంటి సేత్తో తిప్పుకోడమే" అన్నాడు సత్తార్. "ఇది పరిగెడితే దీని నీడే ఎనకబడిపోద్ది. నేనొకసారి గట్టు సేరేక టీ తాగి, బీడీ కాలిత్తే, అప్పుడొచ్చింది నీడ!"

"నాకు నెమ్మదిగా ఎల్లేది కావాల. మనిసి నడిసినంత నెమ్మదిగా. అలా ఎల్లినా ఇంజను ఆగిపోకూడదు."

రెండోది పెద్దది. అంచులు ఎత్తు. నానాజీ లోపలికెక్కి, అంచు మీంచి రెండు సేతులూ కిందికి సాపి సూసేడు. నేల అందలేదు.

"దీంట్లోకి ఎత్తలేను. నేనొక్కణ్ణే."

మూడోదానికి అడుగు బల్లపరుపు, అంచులు పొట్టి. అందులో కూకుని, ఎడం సెయ్యి హేండిలు మీద ఏసి, కుడిపక్కకి బాగా వంగేడు.

"ఇలా వంగి నలభై రెండు కేజీలు పైకి లాగితే తిరగబడద్దా?"

కన్నబాబు పకపకా నవ్వేడు. "నలభై రెండంట! తూసినట్టే సెప్తన్నాడు భాయ్!"

"తూసిందే. పోయిన్నెల్లో."

సత్తార్ తొడ కొట్టుకున్నాడు. "తూసి మళ్లీ నీళ్లలో ఒదిలేసేవా? కన్నబాబూ, నాకు పోటీ వచ్చేడ్రా! అయితే బావా, అక్కడి జాలరోళ్ల పడవ అడక్కపోయేవా?"

"అడిగేను. నలుగురూ ఇవ్వం అనేసేరు. ఆ పడవల్తో రేపు మళ్లీ యేట సేసుకోవాల కదా అన్నారు."

"కుళ్లు! నీకు పడితే ఆళ్లకి నామోసీ. సరే, ఎర ఏటేత్తావు? దానికేటి ఇష్టం?"

"జీళ్లు."

కన్నబాబు నేల మీద కూలబడిపోయేడు. "బెల్లం జీళ్లు తినే సేప!"

"అనకాపల్లి జిల్లా సేప మరి!" సత్తార్ కళ్లు తుడుసుకున్నాడు. "ఇంద, ఈ గేలం అట్టుకెల్లు. ఉక్కుది. దవడలో దిగిందంటే మరి ఊడి రాదు."

నానాజీ సెయ్యి ఎనక్కి లాగేసుకున్నాడు. "గేలం ఒద్దు. దానికి గుచ్చుకుంటాది. వల సాలు. మెత్తంది ఇయ్యి."

"అబ్బో, నొప్పెడతాదనా! మరి ఇంటికాడ కత్తి ఎట్టినప్పుడేటి సేత్తావు, జోల పాడతావా? తలకాయి మాత్రం నాకు పంపు బావా. మా ఆవిడ మెహ్రాజ్ పులుసెడితే ఈది ఈదంతా వాసనొత్తాది."

నానాజీ పడవ అంచు గట్టిగా అట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పులుసు తలుసుకుని నోరూరిందనుకున్నాడు సత్తార్.

"ఇంతకీ మీ ఆవిడేటంది? పొలం ఒదిలేసి దీని ఎనకాల తిరుగుతున్నావని తిట్టలేదా?"

"గట్టు మీదే కూకుంది. నిన్నట్నించి లేవలేదు. నీళ్లకేసే సూత్తంది."

"కాపలా! జోడీ అంటే అదీ!"

నానాజీ బేరం ఆడలేదు. గేదెనమ్మిన డబ్బు బల్ల మీద పెట్టేసేడు. ముగ్గురూ కలిసి పడవని ట్రాలీ ఆటో మీదికి ఎక్కించి తాళ్లు బిగించేరు. ఇంజను పక్కన వల సర్దేరు.

"ఆగు బావా, ఒక్క పని ఉండిపోయింది."

సత్తార్ గోడ సూపించేడు. నిండా ఫొటోలు. సేపల్ని తోక అట్టుకుని యాలాడదీసి పళ్లికిలిత్తన్న మొగోళ్లు.

"నా కాడ పడవ కొన్నోడు మొదట పట్టినదాని ఫొటో పంపాల. ఇక్కడ రూలు. నీది మజ్జిలో తగిలిత్తాను, పేద్ద ఫ్రేములో. నలభై రెండు కేజీలు కదా!"

నానాజీ ఆ గోడ కేసి సాలాసేపు సూసేడు.

"ఫొటో ఉంది" అన్నాడు.

"పట్టకుండానే ఫొటోనా! కన్నబాబూ, ఓడిపోయేన్రా ఈయేల! బావకి టీ సెప్పు!"

నానాజీ సొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టేడు: తాడు తెగిన, ఇంకా తడారని స్కూలు ఐడీ కార్డు, అందులో రెండు జడలేసుకుని నవ్వుతున్న పిల్ల, కుమారి, తొమ్మిదో తరగతి, తండ్రి పేరు నానాజీ.