ఐదు వాతలు

"గట్టిగ పట్టు బిడ్డా! చువ్వ తగలంగనే కాళ్ళు తన్నుకుంటది" అంటూ హనుమవ్వ పొయ్యిలోంచి ఇనుప చువ్వ తీసింది. దాని కొస ఎర్రగా కాలి ఉంది.

ప్రేమల కళ్ళు గట్టిగా మూసుకుని, ఒళ్ళో ఉన్న రెండు నెలల పింకి కాళ్ళు పట్టుకుంది. మూడు రోజులుగా పిల్ల ఊపిరి అందక డొక్కలు ఎగరేస్తోంది. పాలు ముట్టడం లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. ప్రేమల మొగుడు సిద్దు ఎవరూ రాకుండా తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

చింతకి ఊళ్ళో డొక్కలెగరేసే పిల్లల పొట్ట మీద వాతలు పెట్టే చెయ్యి హనుమవ్వదే. కళ్ళకు పొరలొచ్చినా ఆ చేతికి ఇంకా గురి ఉంది.

అంతలో తలుపు మీద ఎవరో కాలితో తన్నారు. రెండో తన్నుకు గొళ్ళెం ఊడి, సిద్దు ముందుకు తూలాడు.

వచ్చింది భాగ్యజ్యోతి. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన నర్సు. హనుమవ్వకు సొంత మనవరాలు, కొడుకు రాచయ్య బిడ్డ.

"అవ్వా, చువ్వ పడెయ్! అంబులెన్స్ బయట నిలబడ్డది. ప్రేమలా, పిల్లనియ్!"

సిద్దు పిడికిలి బిగించి భాగ్యజ్యోతి మూతి మీద గుద్దాడు. ఆమె పెదవి చిట్లి తెల్ల కోటు మీద రక్తం కారింది. అతను మళ్ళీ చెయ్యి ఎత్తేలోగా ఆమె వంగి అతని చీలమండ పట్టి గుంజింది. సిద్దు వెల్లకిలా నీళ్ళకుండల మీద పడ్డాడు. కుండ పెంకు గుచ్చుకుని మోచెయ్యి చీరుకుపోయింది. లేస్తూనే ఆమె జడ పట్టి తల గోడకేసి కొట్టాడు.

"మా ఇంట్ల మా పిల్ల! నీకేందే?"

వాళ్ళ గొడవలో వాళ్ళుండగానే హనుమవ్వ పింకి పొట్ట మీదికి చువ్వ దించింది. భాగ్యజ్యోతి జడ విడిపించుకోలేదు, జుట్టు ఊడొచ్చినా సరే అన్నట్టు ముందుకు దూకి కాలుతున్న చువ్వను ఉత్త చేత్తో పట్టుకుంది. చర్మం సుయ్యిమంది. గదంతా కమురు వాసన. అయినా ఆమె వదల్లేదు. ముసలమ్మ చేతిలోంచి గుంజి మూలకు విసిరేసింది.

హనుమవ్వకు ఒళ్ళు మండిపోయింది.

"నా చేతి మీద బతికి నా చెయ్యే గుంజుతవా? సిగ్గు లేదా నీకు?"

డాక్టర్లకు గోడ మీద వేలాడదీసుకోవడానికి కాగితాలుంటాయి. హనుమవ్వకు ఈ మనవరాలుంది. ఇరవై ఆరేళ్ళ కింద రాచయ్యకు కవలలు పుట్టారు, భాగ్య, జ్యోతి. ఇద్దరూ ఒకే అచ్చు. రెండో నెలలో ఇద్దరికీ డొక్కలెగిరాయి. హనుమవ్వ ఒకదానికి బొడ్డు చుట్టూ నాలుగు, పైన ఒకటి, ఐదు వాతలు పెట్టింది. రెండోదాని కోసం చువ్వ మళ్ళీ కాలేలోగా కోడలు ఇద్దరినీ చెరో చంకనేసుకుని బీదర్ ఆస్పత్రికి ఉరికింది. పన్నెండో రోజు రాచయ్య ఒక్కడే ఊరికి వచ్చి "ఒకతి పోయిందమ్మా" అన్నాడు. "వాతలు పడ్డదే కదరా బతికింది?" అని హనుమవ్వ అడిగితే అవునన్నట్టు తలూపాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మిగిలిన పిల్లను రెండు పేర్లూ కలిపి పిలుచుకున్నారు. పదేళ్ళ దాకా వానాకాలమంతా ఆ పిల్లకు ఆస్పత్రి మంచమే. ఊపిరి అందక గోడ పట్టుకుని బడికి పోయేది. అలాంటిది పరుగు నేర్చింది, కబడ్డీ నేర్చింది, కూత ఆపకుండా ఆడి తాలూకాను గెలిపించింది. అదంతా తన చువ్వ మహిమేనని హనుమవ్వ ఊరూరా చెప్పుకుంది. బీదర్‌లోనే కాపురమున్న కోడలు మాత్రం ఏనాడూ ఆ పిల్లకు అత్తచేత నీళ్ళు పోయించలేదు. పగ పట్టిందిలే అనుకుంది ముసలమ్మ.

"చెప్పవే! నువ్వు బతకలే? ఇంత పొడుగు పెరగలే?"

భాగ్యజ్యోతి పెదవి తుడుచుకుంది. "బతికిన అవ్వా."

సిద్దు మళ్ళీ మీదికి రాబోతే ప్రేమల అరిచింది. "ఆగు! ఇగ కొట్టినవంటే నేనే నిన్ను చంపుత!" పిల్ల రొమ్ములో గురగుర ఎక్కువైంది. "అక్కా, నీ కాళ్ళు మొక్కుత. ఆ వాతలు ఒక్కసారి చూపియ్యి. బతికిన పొట్ట చూస్తే నాకు ధైర్యమొస్తది. అవ్వతోని పెట్టిచ్చుకుంట. నువ్వు చూపియ్యకపోతే పిల్లను నీకు ఇయ్య."

"చూపియ్యే! ఏం దాస్తున్నవ్?" అంది హనుమవ్వ, గెలిచినట్టే.

"పొట్ట ఎవ్వరికీ చూపియ్యొద్దని అయ్య నాతోని ఒట్టేయిచ్చుకున్నడు" అంది భాగ్యజ్యోతి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయన పోయి నెలైంది. సిద్దూ, నువ్వు బయటికి పో. అవ్వా, నువ్వు దగ్గరికి రా."

సిద్దు తిట్టుకుంటూ వెళ్ళాడు. ఇన్నేళ్ళకు తన చేతి పని చూడబోతున్నానని ముసలమ్మ మురిసిపోయింది. భాగ్యజ్యోతి కాలని చేత్తో కోటు, కింది అంగీ పైకి ఎత్తింది.

ముందు ప్రేమల చూసింది. తలెత్తి హనుమవ్వ మొహం చూసింది. మరుక్షణం పింకిని గుండెకు అదుముకుని, అడ్డొచ్చిన సిద్దును తోసేసి అంబులెన్సుకు ఉరికింది.

ఎందుకు ఉరికిందో హనుమవ్వకు అర్థం కాలేదు. పొరల కళ్ళకు ఏమీ ఆనక చెయ్యి చాపింది. ఏ వాత ఎక్కడ పెట్టిందో ఆ వేళ్ళకు ఇంకా గుర్తుంది. బొడ్డు చుట్టూ తడిమింది. పైన తడిమింది. మళ్ళీ మొదటి నుంచీ తడిమింది.

ఒక్క వాత కూడా లేదు.