ఉల్లిగడ్డల ట్రాలీలో దేవుడు

వణికే మనిషిని చూసి అది ఏ వణుకో చెప్పడంలో నన్ను మించినవాడు రుద్రంగి నుంచి కోరుట్ల దాకా లేడు.

చలి వణుకా, జ్వరం వణుకా, పెళ్లాన్ని చూసిన వణుకా, దేవుడు పూనిన వణుకా, వాడకట్టు చివర నుంచే చెప్పేస్తాను.

అందుకే మా జితేందర్ వణికిన రోజు సంగతి నేనే రాయాలి.

జితేందర్ పదిహేనేళ్లుగా తాగుతున్నాడు. తాగుడు మాన్పించే సెంటరు ఒకటుందని విని, అతని భార్య శ్రీలత కరీంనగర్ పోయి అడిగొచ్చింది. నెలకు ముప్పై వేలన్నారు. బీడీలు చుట్టే ఆమెకు అది ఏడాది సంపాదన.

తిరిగొచ్చి మొగుడి మెడలో అంజన్న దీక్ష మాల వేయించింది. మాలలో ఉంటే చుక్క ముట్టరు కదా! ఖర్చంతా రెండు జతల కాషాయం బట్టలు.

మూడో రోజు పొద్దున జితేందర్ గడపలో కూర్చుని వణకడం మొదలుపెట్టాడు. ఒళ్లంతా దులుపుకుంటున్నాడు.

“చీమలు! గోడ నిండ చీమలు!”

గోడ మీద ఒక్క చీమ లేదు. మనకు కనబడనిది కనబడుతోందంటే అది దేవుడి చూపే కదా!

“స్వామి పూనిండే!” అంటూ పక్కింటి కొమురవ్వ మొదటి కొబ్బరికాయ కొట్టింది.

గంటలో ఊరంతా దిగింది. కాయల మీద కాయలు పగిలాయి.

“స్వామీ, మా మనుమనికి దుబాయ్ వీసా ఎప్పుడస్తది?” కొమురవ్వ అడిగింది.

జితేందర్ మోచేతి మీద లేని చీమల్ని ఏరుతున్నాడు. “ఒకటి... రెండు... మూడు...”

“మూడు నెలలల్ల అస్తదట!” ఆమె సాగిలపడి మొక్కింది.

అప్పుడే ఉల్లిగడ్డల ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. పైన మైకు ఒకటే మోత. “వందకు నాలుగు కిలోలు! రండమ్మా రండి!”

ఎవరూ కదల్లేదు. ఉల్లిగడ్డలాయనే దిగి వచ్చాడు. బక్కపలచని మనిషి. జితేందర్‌ను చూడగానే చెప్పులు విడిచి, జనాన్ని తోసుకుని ముందు కూర్చున్నాడు.

“అక్కా, తాగుడు బంజేసి ఎన్ని దినాలైంది?”

“మూడు,” అంది శ్రీలత.

“నిద్ర పోతుండా?”

“కన్ను మూస్తలేడు తమ్మీ.”

“ఇది పూనకం కాదక్కా. ఏండ్లకేండ్లు తాగి ఒక్కసారే బంజేస్తే గిట్లనే అయితది. ఇగ ఫిట్సొస్తయి. పానమే పోవచ్చు. జగిత్యాల దవాఖానకు పోదాం, లే.”

“ఏయ్, దేవునికి సూదేపిస్తవా?” గుంపులోంచి ఎవరో అరిచారు. “ఉల్లిగడ్డలమ్ముకునేటోనివి, నీకేమెరుక?”

“పోయినేడు కోనరావుపేట దిక్కు దేవుడచ్చిండు జూడు, గాయన గూడ గిట్లనే వణికిండు,” అంది కొమురవ్వ. “మనూరోళ్లం రెండాటోలు కట్టుకొని పోతిమి. నా కండ్లతోని జూసిన!”

ఉల్లిగడ్డలాయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. మళ్లీ శ్రీలత వైపు తిరిగాడు.

“తమ్మీ, నాతాన పైసల్లేవు,” శ్రీలత మెల్లగా అంది.

“సర్కారు దవాఖాన్ల పైసలడుగరక్కా. ఆధార్ కార్డు పట్టుకో, సాలు.”

“మరి మాల?”

“మెడల్నే ఉండనియ్. అంజన్న గూడ దవాఖానకు అస్తడు.”

ఆ మాటకు శ్రీలత లేచింది.

పడుకోబెట్టడానికి ట్రాలీలో చోటు లేదు. అతను ట్రాలీ వెనక తలుపు, డాల తెరిచి ఉల్లిగడ్డలన్నీ రోడ్డు పక్కన కుప్ప పోసేశాడు. జితేందర్‌ను ఎత్తి పడుకోబెట్టాడు. తల శ్రీలత ఒళ్లో.

తొందరలో మైకు బంద్ చేయడం మరిచాడు. కాషాయం బట్టల స్వామి మా ఊరు దాటేదాకా “వందకు నాలుగు కిలోలు!” అంటూనే పోయాడు.

ఆటో మూల తిరిగిందో లేదో, ఉల్లిగడ్డల కుప్ప ఇళ్లల్లోకి నడిచింది. సాయంత్రానికి పొట్టు కూడా మిగల్లేదు. ఆ పూట మా ఇంట్లోనూ ఉల్లిగడ్డ పులుసే. అబద్ధమెందుకు, బాగా కుదిరింది.

పన్నెండో రోజు జితేందర్ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో మందుల సంచి. పదిహేను రోజులకోసారి చూపించుకోవాలట. గ్లాసు నిండా చాయ్ పోసి ఇచ్చాం. చుక్క తొణకలేదు.

“ఆ ఉల్లిగడ్డలాయన మూడు దినాలు మాతోనే ఉన్నడు,” అంది శ్రీలత. “చీటీ రాపిచ్చింది ఆయననే, డాక్టర్‌తో మాట్లాడింది ఆయననే.”

మేమంతా నేల చూపులు చూశాం.

“గాయనకు ఇవన్ని ఎట్లెరుకనే? డాక్టర్ల తాన పని జేసిండా?” కొమురవ్వ అడిగింది.

“లేదవ్వా. ఆయనగూడ తాగుడు ఒక్కసారే బంజేసి వణికిండట. జనం నాలుగు దినాలు కొబ్బరికాయలే కొట్టిర్రట. ఐదో దినం ఫిట్సొచ్చి పడిపోతే ఎవరో పుణ్యాత్ములు 108కు ఫోన్ జేసిర్రట.”

“ఏ ఊరే?”

“కోనరావుపేట దిక్కు. నువ్వు మొక్కొచ్చిన దేవుడు ఆయననే అవ్వా.”



“ముఖం నిండ పసుపు, మెడ నిండ దండలుండె,” అంది కొమురవ్వ. “మనిషిని ఎవలు జూసిర్రు బిడ్డా!”

ఉల్లిగడ్డల పైసలు ఇంటింటా జమ చేసి పెట్టాం. ఎనిమిది నెలలైంది. ఆ మైకు మళ్లీ మా ఊళ్లో మోగలేదు.

కొమురవ్వ మనవరాలు నవ్య ఈ కథ ఆమెకు చదివి వినిపించేలోగా ఒకటి ఒప్పుకుంటాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆ రోజు మొదటి కొబ్బరికాయ కొట్టింది కొమురవ్వ కాదు, నేను. కోనరావుపేటకు పోయిన రోజు కూడా మొదటి కాయ నాదే.