ఫోన్ పిట్ట

“అది అడవి పిట్ట కాదు మేడం, నా పంజరంలో పిట్ట!”

ఓడింగ్ ఆ మాట అనేసి, గుడ్డ కప్పిన పంజరాన్ని తెచ్చి గ్రామ కార్యాలయం బల్ల మీద పెట్టాడు. చోటు చాలక సోయా టెంపే వేపుడు పళ్ళెం అంచుకు జరిగింది.

అటవీ శాఖ అధికారిణి హెర్లినా కొండదారిన పడుతూ లేస్తూ వచ్చిందే ఆ ఊరి రైతు ఇమాస్ పంపిన కూత కోసం. ఆ శాఖవాళ్ళు ఊరూరా జనం ఫోన్లలో ఒక యాప్ పెట్టించారు. అడవిలో వినిపించిన కూతను రికార్డు చేస్తే చాలు, అది ఏ పిట్టదో యాపే చెప్పి ఆఫీసుకు పంపేస్తుంది. పోయిన వారం గుట్ట మీద ఊట దగ్గర ఇమాస్ పట్టిన కూతకు ‘ఎకెక్’ అని పేరొచ్చింది. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు ఉండే ఆ పిట్ట ఈ చుట్టుపక్కల అంతరించిపోయిందనే అందరూ అనుకుంటున్నారు. ఉందని తేలితే గుట్ట జోలికి ఎవరూ పోకూడదు. లేదని తేలితే వచ్చే నెల నుంచి రాళ్ళ క్వారీ. గుట్టను పేలిస్తే ఊట పోతుంది, ఊట పోతే ఇమాస్ వరిమడి ఎండిపోతుంది. ఓడింగ్‌కి వరిమడి లేదు. రెండు లారీలున్నాయి, వాటిని క్వారీవాళ్ళకు అప్పుడే మాట్లాడేసుకున్నాడు.

“నేను పట్టింది గుట్ట మీద బాబాయ్. నీ పిట్ట పంజరంతో సహా గుట్టెక్కిందా?” అంది ఇమాస్.

“ఎక్కింది మరి! పొద్దున్నే మంచు తగిలితేగానీ మురై పిట్టకి గొంతు విచ్చుకోదు. ఆ రోజు పంజరం ఊట పక్కన చెట్టుకే వేలాడుతోంది. నువ్వు చెట్టు వైపు చూడకుండా ఫోన్లోకి చూసుకుంటూ కూర్చుంటే నాదా తప్పు?”

గుమ్మంలో మూగిన జనం కిసుక్కున నవ్వారు.

“ఏదీ, వినిపించండి,” అంది హెర్లినా.

ఓడింగ్ గుడ్డ లాగి చిటికె వేశాడు. పొడుగు తోక మురై ఒకసారి ఒళ్ళు దులుపుకుని, ముందు తన సొంత పాట పాడింది. తర్వాత ఎవరి ఇంటిదో పిల్లికూన అరుపు అరిచింది. విన్నదల్లా పట్టేయడం మురైకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ వెంటనే బొంగురుగా, గబగబా, ఎవరినో తిడుతున్నట్టు మరో కూత. బల్ల మీదున్న ఇమాస్ ఫోన్ దాన్ని కూడా వింది. తెర మీద ‘ఎకెక్’ అని పడింది.

ఇమాస్ ఫోన్ని బోర్లించేసింది. దాని మీద ఆమెకు చెప్పలేనంత కోపం వచ్చింది.

“అయ్యో,” అంది హెర్లినా, నిజంగానే నొచ్చుకుని. “ఏమనుకోకమ్మా, పెంపుడు పిట్ట కూత లెక్కలోకి రాదు. కొట్టేయాల్సిందే.”

“ఇంకొక్క వారం ఆగండి మేడం. మళ్ళీ పడతాను.”

“గడువు ఇవాళ్టితో సరి. నా చేతుల్లో ఏమీ లేదు.”

ఓడింగ్ తీరిగ్గా టెంపే ముక్క నోట్లో వేసుకున్నాడు. హెర్లినా తన ఫోన్లో కారణం రాసుకుంటూ పైకే చదివింది. “ఫోన్లో కూతలు వినిపించి నేర్పిన పెంపుడు పిట్ట... పట్నంలో అందరూ చేసేదే కదా, పంజరం ముందు ఫోన్ పెట్టేసి పోతారు.”

ఇమాస్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఉక్రోషం పట్టలేకపోయింది.

“ఓహో, ఫోన్ పిట్టా! ఫోన్ పిట్టకా బాబాయ్, జిల్లా పోటీలో నీకు కప్పిచ్చారు?”

ఈసారి జనం కిసుక్కుమనలేదు, పగలబడి నవ్వారు. పిట్టల పాట పోటీల్లో అంతకు మించిన తిట్టు లేదు. ఫోన్ దగ్గర నేర్చింది రేకు గొంతు, అది గొంతే కాదని పిట్టల పెంపకందార్ల గట్టి నమ్మకం. ఆ ఒక్క మాట మీద చొక్కాలు చింపుకున్నవాళ్ళున్నారు.

ఓడింగ్ నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. మొహం కందగడ్డయింది.

“ఎవడ్రా నవ్వింది? మేడం, ముందు ఆ మాట చెరిపెయ్యండి! నా పిట్టది ఫోన్ చదువా? పరువు తీస్తారా మీరు?”

“రికార్డు కాకపోతే ఎకెక్ కూత దీనికెలా వచ్చిందండీ?” అంది హెర్లినా రాయడం ఆపకుండానే.

“ఎలా ఏమిటి! రోజూ పొద్దున్నే పంజరం మోసుకెళ్ళి, ఆ గుట్ట మీదున్న ఎకెక్ దగ్గరే పాఠం చెప్పించాను. అనుమానముంటే రేపు నాతో రండి, గురువుగారిని కూడా చూపిస్తా!”