బల్ల మీద తలుపు పిడి

ఎదిగినా తోడు కావలసిన బిడ్డల తల్లిదండ్రులు కలిసే మంగళవారం గుంపులో ఉన్నది ఒకటే కట్టుబాటు. కాఫీ పోసుకునే ముందు ఎవరి బిడ్డ ఫోటో వాళ్ళు బల్ల మీద పెట్టాలి.

టోర్‌గ్రిమ్ ముసలాయన మాత్రం జేబులోంచి ఇత్తడి తలుపు పిడి తీసి టక్కున పెట్టాడు.

“మళ్ళీ ఇదేనా? బిడ్డ ఫోటో ఏది పెద్దాయనా?” అంది గుడ్రున్.

“వెతుకుతున్నానమ్మాయ్. దొరకగానే తెస్తా.”

“పోయిన వారం ఈ పిడి తిమింగలం కడుపులో దొరికిందన్నావు,” ఓడ్వార్ కన్ను గీటాడు.

“అంతకు ముందు వారం నార్వే రాజుగారి స్నానాల గదిది అన్నా. నీకేది నచ్చితే అది ఉంచుకో.” ముసలాయన వాఫిల్ అట్టు మీద జామ్ దండిగా రాసుకున్నాడు. “అసలు సంగతి చెబితే నమ్మరుగా. సరస్సు పక్క భవనంలో గదులకి లోపలివైపు పిడి ఉండదు. ఇది అక్కణ్ణుంచి పట్టుకొచ్చిందే.”

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

గుడ్రున్ నవ్వలేదు. ఆమె కొడుకు ఐవిన్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. మాటలు సరిగ్గా రావు, లెక్కలు అసలే రావు. అయినా రేవు దగ్గరి పసుపు ఇంట్లో, తనలాంటి ఐదుగురితో కలిసి ఉంటూ తన కాఫీ తనే కాచుకుంటాడు. తన తలుపు తనే తీస్తాడు.

మున్సిపాలిటీ ఆ ఇల్లు మూసేసి, ఆరుగురినీ సముద్రపు పాయ అవతల, ఒకప్పుడు ఇలాంటి పిల్లల్ని ఉంచిన సరస్సు భవనానికి తరలిస్తానంటోంది.

“వచ్చే మంగళవారం మున్సిపాలిటీ పెద్ద హాల్వర్ వస్తున్నాడు,” అంది గుడ్రున్. “నీ కోతలు విన్నాడంటే మా గోడు కూడా కోతే అనుకుంటాడు. నువ్వు రావద్దు పెద్దాయనా.”

ముసలాయన వాఫిల్ కింద పెట్టాడు.

“సరే. ఇది మాత్రం నీ దగ్గరుంచు.”

పిడి ఆమె వైపు జరిపి వెళ్ళిపోయాడు.

మంగళవారం వచ్చింది. హాల్వర్ కూడా వచ్చాడు.

“ఒక్కసారి చూస్తే మీరే వదలరు,” అంటూ అందరినీ పడవెక్కించాడు.

పాత భవనానికి కొత్త రంగు. కొత్త పరుపులు. కొత్త పరదాలు. చిట్టచివరి గదిలోకి అందరూ వెళ్ళాక గాలికి తలుపు ధడాలున పడింది.

లోపలివైపు పిడి లేదు. చదరపు బెజ్జం ఒకటి ఉందంతే.

“పాత తలుపులు. వచ్చే వారం పిడులు బిగించేస్తారు,” అంటూ హాల్వర్ ఫోన్ తీశాడు. ఆ మందపాటి గోడల మధ్య అది పలకలేదు.

గుడ్రున్ సంచిలో చెయ్యి పెట్టింది. ఇత్తడి చల్లగా తగిలింది.

బయటికి తియ్యలేదు. నేల మీద చతికిలబడింది.

“కూర్చో హాల్వర్ బాబూ. ఏం తొందర?”

“తలుపు పడిపోయిందండీ.”

“మా పిల్లల్ని బతుకంతా ఉండమన్న గదేగా. ఓ గంట ఉండి చూద్దాం.”

అందరూ కూర్చున్నారు. ఓడ్వార్ ఏకంగా బూట్లు విప్పేశాడు. ఆ మేజోళ్ళ వాసనకి కిటికీ అద్దాలు మసకబారాయంటారు.

ముప్పావు గంటకి హాల్వర్ టై వదులు చేసుకున్నాడు.

“నాకు ఊపిరాడటం లేదు.”

“మా ఐవిన్ అయితే ఆ మాటైనా చెప్పలేడు.”

హాల్వర్ లేచి తలుపు బెజ్జంలో వేలు పెట్టి తిప్పి చూశాడు.

“పసుపు ఇల్లు ముయ్యను. ఒట్టు.”

“ఒట్టు వద్దు. రాయి.” గుడ్రున్ సంచిలోంచి కాగితపు చేతిరుమాలు తీసి ఇచ్చింది.

రాశాడు. ఆ రుమాలు ఇవాళ్టికీ పసుపు ఇంటి వంటగదిలో అద్దం కట్టించి ఉంది. ఆరుగురూ అక్కడే ఉన్నారు.

అప్పుడు తీసింది గుడ్రున్ పిడిని. బెజ్జంలో పెట్టి తిప్పింది. అచ్చంగా అక్కడిదే. తలుపు తెరుచుకుంది.

హాల్వర్ నోరు తెరిచాడు. “మీకెక్కడిది? అప్పట్లో ఇవి కాపలావాళ్ళ జేబుల్లోనే ఉండేవట.”

గుడ్రున్ మొహం కందిపోయింది.

“కాపలావాడా? పిల్లల మీద తలుపులేసిన చేత్తోనా మన వాఫిల్స్ తిన్నది?”

పడవ దిగీ దిగగానే టోర్‌గ్రిమ్ ముసలాయన్ని కడిగెయ్యాలని ఆయన ఇంటికి బయల్దేరింది. ఓడ్వార్ వెంటపడ్డాడు.

పక్కింటావిడ ఆయన గుమ్మంలోనే ఎదురైంది.

“ఆదివారం నిద్రలోనే పోయాడమ్మా. ముందు రోజే నాకీ కవరిచ్చి, మీ మంగళవారం బల్ల మీద పెట్టమన్నాడు. దొరికిందని చెప్పమన్నాడు.”

కవర్లో పాత ఫోటో. రేవులో తల్లి చెయ్యి పట్టుకుని, పెద్ద కోటులో మునిగిపోయిన ఓ పిల్లాడు.

“అయితే కొడుకున్నాడన్నమాట,” అన్నాడు ఓడ్వార్.

గుడ్రున్ ఫోటో వెనక్కి తిప్పింది. వెలిసిపోయిన సిరాతో ఆడచేతి రాత: “నా టోర్‌గ్రిమ్. ఆరేళ్ళు. రేపు సరస్సు భవనానికి తీసుకుపోతారట.”